ముందు ఏది? వెనుక ఏది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



సాయంకాలము దీపము వెలిగినది మొదలు గ్రంథాలయపు బల్లల చుట్టును కూర్చుండు యువతీ యువకులలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారే నేడు హెచ్చు. వారి శ్రమ గొప్పది. ఐనను వ్రాత పరీక్షలో నెగ్గినవారు ఇంటర్వ్యూలో వెనుకబడుట కలదు. ప్రభుత్వరంగ బ్యాంకుల ప్రొబేషనరీ ఆఫీసర్ల ఉమ్మడి ఎంపికలో ప్రధాన వ్రాత పరీక్షకు 80 పాళ్ళును, ఇంటర్వ్యూకు 20 పాళ్ళును విలువ గలదు. ఏండ్ల తరబడి చదివిన చదువు ఆ 20 పాళ్ళ వద్ద చేయి జారుట కన్నవారికిని, కన్నబిడ్డకును దుఃఖకరమే.

అచ్చట తరచుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. "చేతిలో ఒక పని యుండగా, హఠాత్తుగా పై అధికారి మరియొక పని ముందు చేయుమనినచో ఏమి చేయుదురు? అట్టి సందర్భ మెన్నడైనను కలిగినదా?"

దీనికి పలువురు చెప్పు జవాబు ఒక్కటే: "ఒత్తిడికి వెరవను. రాత్రింబవళ్ళు శ్రమించి రెండు పనులును పూర్తి చేయుదును." మాట ధీరముగనే యున్నది, కాని అందులో జవాబు లేదు. దినమునకు 24 గంటలే. ఒక పని ముందునకు వచ్చినపుడు మరియొకటి వెనుకకు పోక తప్పదు. వెనుకకు పోయినది ఏది, ఆ సంగతి ఎవరికి తెలుపబడినది, దానిని మరల ఎప్పుడు చేపట్టిరి — అడుగువారికి కావలసినది ఇదియే.

మరికొందరు, "పల్లెటూరి వారము, ఉద్యోగానుభవము లేదు" అని తల వంచుకొందురు. అదియు పొరపాటే. ఈ ప్రశ్నకు సమాధానము ప్రతి రైతు ఇంటను కలదు.

కార్తిక మాసమున వరి కోసి పనలు చేలో ఆరవేసినారు. మిగిలిన చేను కోయుటకు కూలీలు వచ్చినారు. ఇంటి యజమాని ఆనాడే బంధువుల పెండ్లికి పోవలసియున్నది. ఇంతలో తుపాను వార్త వచ్చినది. అప్పుడు రైతు చేయునది చూడుడు. కోత నిలిపివేయును, నిలిచియున్న పైరు కంటె నేలబడిన పనలకే ముప్పు ఎక్కువ. వచ్చిన కూలీలనే కుప్ప వేయుటకు మరల్చును. అందును పల్లపు చేను ముందు, మెరక చేను తరువాత. పెండ్లివారికి కబురు పంపును. వాన వెలిసిన పిమ్మట ఆగిన కోతను మరల ఆరంభించును. ముప్పు దేనికి ఎక్కువ యని తూచుట, సంబంధించినవారికి తెలుపుట, ఆగినదానిని మరువకుండుట — ఈ మూడును అందులోనే యున్నవి.

అత్యవసరమైనది వేరు, ముఖ్యమైనది వేరు అను భేదమును అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఎవాన్‌స్టన్ నగరమున చేసిన ప్రసంగములో ప్రస్తావించెను. కేక వేయు పనియెల్ల ముఖ్యము కాదు. మౌనముగానున్న పనియెల్ల అల్పము కాదు. ఈ తారతమ్యము తెలిసినవాడే తొందరలో తొట్రుపడడు.

బ్యాంకు ఉద్యోగులకు ఈ పరీక్ష నిజముగనే వచ్చినది. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్ల రద్దు ప్రకటింపబడెను. మరునాడు బ్యాంకులు ప్రజలకు తెరువబడలేదు. 10వ తేదీనుండి ప్రతి శాఖ ముందును బారులు తీరిన జనమే. నోట్ల మార్పిడికి తొలుత 4,000 రూపాయలు పరిమితి. పిమ్మట అది 4,500 ఆయెను. 18వ తేదీనుండి 2,000కు తగ్గెను. 24వ తేదీతో మార్పిడియే నిలిచెను. ఉదయము ఒక విధముగా చెప్పిన ఉద్యోగి కొలది దినములలోనే అదే మనుష్యునికి మరియొక విధముగా చెప్పవలసివచ్చెను. అట్టి దినములలో నియమము మారినదని వరుసలో నిలిచిన వృద్ధునకు ఓర్పుతో తెలుపుటయు పనిలో భాగమే. ఈ ప్రశ్న ఊరక అడుగబడుట లేదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక జవాబు చెప్పు తీరు. సందర్భము, కర్తవ్యము, చేసిన పని, ఫలితము — ఈ నాలుగు మెట్లలో, రెండు నిమిషములకు మించకుండ చెప్పుట మేలు. ఒక అభ్యర్థిని ఇట్లు చెప్పెననుకొందము:

"డిగ్రీ చివరి యేట, ప్రాజెక్టు దాఖలు చేయుటకు రెండు దినములు గడువుండగా తుపాను హెచ్చరిక వచ్చినదండి. నాన్నగారు జ్వరముతో నుండిరి. పనలు చేలోనే యున్నవి. ఆ ఉదయమే అధ్యాపకులకు ఫోను చేసి రెండు దినముల వ్యవధి కోరితిని. నలుగురు కూలీలతో పల్లపు చేను ముందు కుప్ప వేయించితిని. మెరక చేలో కొంత ధాన్యము తడిసినది. పరదాలు ముందే తెప్పించియుండిన అదియు దక్కెడిది. ప్రాజెక్టును కోరిన వ్యవధిలోనే దాఖలు చేసితిని."

ఇందులో గొప్పలు లేవు. తడిసిన ధాన్యమును దాచలేదు. దానినుండి నేర్చిన పాఠమును చెప్పినది. అందుచేతనే అది నమ్మదగియున్నది. లేని అనుభవమును కల్పించి చెప్పినవాడు, "ఆనాడు ఎందరు కూలీలు? ఏ చేను ముందు?" అని అడుగగనే తడబడును. జరిగినది చెప్పువానికి జ్ఞాపకమే తోడు.

ఇద్దరు అధికారులు చెరియొక పనిని ముందు చేయుమనినచో? తనంతట తాను ఒకరిని కాదనుట తగదు. మౌనముగా ఇద్దరికిని తలయూపుట అంతకంటె తగదు. రెండు పనులకు పట్టు కాలమును చెప్పి, ఏది ముందో ఇద్దరును కలిసి నిర్ణయింపుడని వినయముతో అడుగుట ఉచితము. అట్లడుగుట చేతగానితనము కాదు, బాధ్యత.

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక అందురు పెద్దలు. పని రాకడయు అట్టిదే. కావున యువజనులు పుస్తకములు చదువుటతోబాటు, తమ ఇంట, తమ చేలో తాము చేసిన పనులను గూడ ఒక్కసారి తలచి కాగితముపై వ్రాసికొందురుగాక. కోతలనాడు తండ్రి తీసికొన్న నిర్ణయమును ఎందుకు తీసికొనెనో ఆయననే అడుగుదురుగాక. గ్రంథాలయపు బీరువాలో దొరకని పాఠము ఆ జవాబులో దొరకును.