పిచ్చి అనే ముద్ర



"దానికి కాస్త పిచ్చిలెండి" అన్న మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో మీకు తెలియనిది కాదు. పెళ్లి వద్దన్న పిల్లా పిచ్చిదే, భర్తకు ఎదురుచెప్పిన ఇల్లాలూ పిచ్చిదే! నలుగురూ నడిచే దారిన నడవకపోతే అది జబ్బేనా?

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎలిజబెత్ ప్యాకార్డ్ అనే ఆవిడ ఉండేవారు. ఆరుగురు బిడ్డల తల్లి. భర్త మతబోధకుడు. మత విషయాల్లో ఆవిడ అభిప్రాయాలు తనకు నచ్చలేదని 1860లో ఆయన ఆవిడను పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. భర్త కోరి, ఆసుపత్రి అధికారి సరేనంటే చాలు, భార్య విషయంలో విచారణ అక్కర్లేదని అప్పటి చట్టం. మూడేళ్లు అక్కడే మగ్గారు. 1864లో కోర్టులో జ్యూరీవారు ఆవిడకు మతి స్థిమితంగానే ఉందని ఏడు నిమిషాల్లో తేల్చేశారు.

మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తన చుట్టూ ఉన్నవారి నీతినియమాలకూ, మత విశ్వాసాలకూ ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదంటోంది.

అలాగని నిజమైన జబ్బును దాచిపెట్టమని కాదు. నిద్రాహారాలు లేక తల్లడిల్లే మనిషిని డాక్టరుకు చూపించి తీరాలి. నోరు మెదపని కోడలిని బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. లోపల ఆమె కుమిలిపోతున్నా గమనించం. అదీ ఈ కొలతలోని లోపమే. లోకులేమంటారో తర్వాత చూద్దాం. ముందు ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేమిటమ్మా బాధ?" అని అడుగుదాం.