ఇంటి ఖర్చు: కట్టకముందు లెక్క



పెండ్లి ఖర్చు పెండ్లితో తీరును. ఇంటి ఖర్చు గృహప్రవేశమునాడు మొదలగును. ఈ మాట నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

1988లో రామచంద్రపురమున ఇల్లు కట్టితిని. “నల్లనేల పంతులుగారూ, పునాది లోతుగా పోవలెను, మట్టము లేపవలెను” అని మేస్త్రి చెప్పెను. 12,000 రూపాయలు అధికమగునని విని వలదంటిని. ఆ పైకముతో వీథిగుమ్మమునకు చెక్కడపు ద్వారబంధము పెట్టించితిని. బడిలో ముందుచూపును బోధించినవాడను నేనే!

మన డెల్టా బంకనేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని బీటలువాఱును. మూడవయేట గోడ నెఱ్ఱెవిచ్చెను. చెమ్మ పైకెక్కెను, చెదలు ఆ ద్వారబంధమునే తినెను. పెంకుల వరుసలకు పట్టీలు వేయించుటయు మానియుంటిని. 1996 నవంబరు 6 నాటి తుపాను వానిని ఎగురగొట్టెను. తుదకు మరమ్మతులకై తండ్రిగారిచ్చిన అర ఎకరము కొబ్బరితోట అమ్మితిని. నా భార్య నేటికిని ఆ త్రోవను నడవదు.

కావున ఇల్లు కాగితముపై నున్నప్పుడే నాలుగు పద్దులు వ్రాయుడు: కట్టుటకెంత, ఏటేట సున్నము, మరమ్మతు, కరెంటులకెంత, కొన్నియేండ్లకు మార్చవలసిన వానికెంత, ఎన్నియేండ్లు నిలుచును. ఉదాహరణమునకు, ఒక పైకప్పుకు 1,00,000 రూపాయలు, ఏటి మరమ్మతు 8,000 అనుకొనుడు. మఱియొకదానికి 1,80,000, ఏటికి 1,000. ముప్పదియేండ్లకు మొదటిది 3,40,000, రెండవది 2,10,000 అగును. చౌక యేదో చూచితిరా! అయితే అధికమైన 80,000 అప్పు తెచ్చినచో, దాని వడ్డీ ఏటికి 7,000 దాటినంతకాలము ఆ లాభము నిలువదు. వడ్డీని విడిచిన లెక్క లెక్క కాదు.

మొదట నేలను పరీక్షింపించుడు. ఉబ్బు నేలలకై, అడుగున వెడల్పైన కాంక్రీటు స్తంభములపై కట్టు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది. పడమటి గోడకు నీడ, ఎదురెదురు కిటికీలు, వెడల్పైన చూరు గీతలోనే యుండవలెను. పంకా ఖర్చు తగ్గును, గోడ తడవదు. గీతను మార్చుటకు రబ్బరు చాలును, గోడను మార్చుటకు గడ్డపార కావలెను.

మీ ఊర గ్రంథాలయమో, రామమందిరమో కట్టబూనినప్పుడు, “ఎంతకు కట్టెదవు?” అని మేస్త్రినడిగిన పిమ్మట, “నా మనుమడు దీనిపై ఎంత పెట్టవలసియుండును?” అనియు అడుగుడు. ఆ రెండవ ప్రశ్న నేనడుగలేదు. దాని వెల మా కొబ్బరితోట.

సెలవు.