గవాక్షము - గ్రామము



గవాక్షమను పదమునకు పశువు కన్ను అని వ్యుత్పత్తి. గాలి వెలుతురుల కొరకు గోడలో విడిచిన రంధ్రమునకు పూర్వులు ఆ పోలిక కల్పించిరి. కన్ను చూపును, గోడ మూయును. చిత్రపటము ఈ రెంటిలో దేనిని చేయునన్నది విచారింపదగిన ప్రశ్న.

బెల్జియం దేశపు చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1933లో ‘మానవస్థితి’ యను పటము వ్రాసెను. అందొక గది, కిటికీ, దాని ముందు ముక్కాలి పీటపై నిలిపిన చిత్రము కలవు. కిటికీ వెలుపల పచ్చని బయలు. ఆ చిత్రము బయలులో ఎంత భాగమును మరుగుపరచినదో, అంత భాగమే దానిపై వ్రాయబడి యున్నది. చెట్టు నిజమో రంగో, కలలోవలె తెలియరాదు.

కలను చిత్రముతో తేల్చుకొనిన కథ మనకు క్రొత్త కాదు. భాగవత దశమస్కంధమున ఉషాకన్య స్వప్నములో గాంచిన పురుషుని పేరెరుగదు. చెలికత్తె చిత్రరేఖ పెక్కుమంది రూపములు వ్రాసి చూపగా, అనిరుద్ధుని గుర్తించెను. అంతటితో కథ ముగియలేదు. చిత్రరేఖ ద్వారకకు పోయి అతనిని తోడితెచ్చెను. పటము దారి చూపినదే గాని, గమ్యము కాలేదు.

సిద్ధిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) బోనాలు, బతుకమ్మ, పల్లెపనులు చిత్రించి మన ఊళ్లకు కిటికీ తెరచెను. నకాషీ పటముల రీతిని ఆయన తన కుంచెకు అలవరచుకొనెను. చేర్యాల నకాషీ పటములలో ఎఱ్ఱని నేలపై కథ వరుసలు వరుసలుగా నడచును. కథకులు పటము విప్పి, కులపురాణము చెప్పుదురు. చూచువాడు ఒంటరి కాడు, ఊరంతయు ఒక్కచోట కూడి చూచును.

మాగ్రిట్ పటము వెనుక బయలున్నదని మనము నమ్ముదుము. మన పల్లెపటముల వెనుక నున్నదేమి? మోటబావిపై కరెంటు మోటారు వచ్చినది. దానికి వగవ పనిలేదు. మోట తోలినవాని కష్టమును మరల ఎవరును కోరరు. కాని పొలము మారినపిదప పటమొక్కటే సాక్షి. సాక్షి చెప్పిన మాటను అడిగి సరిచూచుకొనుటకు మోట తోలిన వృద్ధులు ఇంకను మన వాడలలో నున్నారు. వారును పోయిననాడు బొమ్మలోని పనిముట్టునకు పేరు చెప్పువాడుండడు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరికి గవాక్షమై నిలిచినది. ఇకమీద ఇచ్చట ఒక దస్తరము తెరువవలెను. పనిముట్ల పేర్లు, బావుల పేర్లు, చెలకల పేర్లు, వానిని చెప్పిన పెద్దల పేర్లు అందెక్కవలెను. చదువరులు బొమ్మ చూచి మురిసి ఊరకుండక, చిత్రరేఖవలె లేచి పోయి, అడిగి, వ్రాసికొని రావలెను.