బడి మధ్యలో ఆపినవాడూ మనవాడే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుకు సేవ చేసిన ఒక పెద్దమనిషిని గుర్తు చేసుకోమని సంఘంవారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. నేను ఎంచుకున్న వ్యక్తి మన జిల్లావారు కారు. ఆయన ఆచార్య జి. రాంరెడ్డి గారు. ఆయన పేరు నాకు తెలియకముందే ఆయన చేసిన పని మన ఊరి బస్టాండు దగ్గర కనిపించింది. ముందు అది చెబుతాను.

1985లో నేను ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఎనిమిదో తరగతి దాకా నా పక్కన కూర్చున్న మిత్రుడు ఆ పరీక్షే రాయలేదు. వాళ్ల నాయన పోవడంతో చిల్లర అంగడిలో కూర్చున్నాడు. లెక్కల్లో వాడు నాకంటే చురుకు. నేను ఇంజనీరునై, ఒక సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు "బి.ఏ. పాసైనా రా" అన్నాడు. "ఓపెన్ డిగ్రీనా? అది కూడా ఒక డిగ్రీనేనా!" అని నవ్వాను. వాడు నవ్వలేదు. "నీకు కాలేజీలో సార్లుండిరి. నేను రాత్రి అంగడి కట్టేసినాక చదివినా. నాకు ఆ పుస్తకమే సారు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. ఆ పుస్తకం వెనక ఎవరున్నారో తర్వాత తెలుసుకున్నాను.

రాంరెడ్డి గారు 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఆచార్యులు. పంచాయతీరాజ్ మీద, పల్లెల్లో అధికారం నడిచే తీరు మీద పరిశోధన చేశారు. హరగోపాల్ గారితో కలిసి 'పైరవీకారు' మీద రాసిన వ్యాసం 1985లో అమెరికా పత్రిక ఏషియన్ సర్వేలో వచ్చింది. ఆఫీసుకూ పేదవాడికీ మధ్య నిలబడి పనులు చేయించే మనిషి గురించిన వ్యాసం అది. మన తాలూకాఫీసు ముందు నిలబడ్డ వాళ్లెవరికీ ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు.

1977 నుంచి 1982 దాకా ఆయన ఉస్మానియా వైస్ చాన్స్‌లర్. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో ఏర్పడితే, దానికి తొలి వైస్ చాన్స్‌లర్ ఆయనే. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఉత్తరాల ద్వారా చదువు దేశానికి కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే మొదలుపెట్టింది. కానీ అందులో చేరాలన్నా ముందు సర్టిఫికెట్ చూపాలి. ఇక్కడ ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్లు నిండి, అర్హత పరీక్ష పాసైతే చాలు, పది తప్పినవాడైనా డిగ్రీలో చేరవచ్చు. తెలుగులో పాఠాలు, రేడియో ప్రసంగాలు, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో క్లాసులు. మా వాడు ఆ దారినే పోయాడు. పైరవీ అక్కర్లేకపోయింది.

1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు కూడా మొదటి వైస్ చాన్స్‌లర్ ఆయనే. 1991 నుంచి 1995 వరకు యూజీసీ అధ్యక్షులుగా ఉన్నారు. ఆ 1995లోనే కన్నుమూశారు.

ఇంజనీరుగా నాకు ఒకటి తెలుసు. మన ఎదురుగా ఉన్నవాడికి యంత్రం నేర్పడం సులభం. మనం పక్కన లేనప్పుడు కూడా, అర్ధరాత్రి ఒక్కడే కూర్చుని చదివి అర్థం చేసుకునేటట్టు రాయడం కష్టం. దూరవిద్య పాఠం అలా రాయాలి. మధ్యమధ్య ప్రశ్న అడగాలి, జవాబు సరిచూసుకోనివ్వాలి. "ఆ పుస్తకమే సారు" అన్న మాటకు అర్థం అదే. దాన్ని చూసి నవ్వినవాణ్ని నేను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఈ స్వర్ణోత్సవానికి సభ్యుల జాబితా తయారుచేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. పదో తరగతి పాసైనవాళ్ల పేర్ల నుంచి రాశాం. అందులో వాడి పేరు లేదు. ఈ పొద్దున అంగడికి పోయి రమ్మని పిలిచాను. "నేను పది పాస్ కాలేదు గదరా, ఆడికి నేనెందుకు?" అన్నాడు. బి.ఏ. చదివినవాడు అన్న మాట అది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, జాబితాను అడ్మిషన్ రిజిస్టరు నుంచి మళ్లీ రాద్దాం. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా మనవాళ్లే. రెండు, ఇప్పుడు పది, ఇంటర్ మళ్లీ రాయడానికి ఓపెన్ స్కూల్ ఉంది. బడి మానిన పిల్లలకు, పెళ్లై చదువు ఆగిన ఆడపిల్లలకు ఆదివారం ఒక గది తెరిచి, ఫారం నింపడం దగ్గర నుంచి లెక్కలు చెప్పడం దాకా చూసుకుందాం. నెలకు ఒక ఆదివారం లెక్కలు చెప్పే బాధ్యత నాది.

మిగతా ఆదివారాలకు మా మిత్రుణ్ని అడుగుతాను. లెక్కల్లో వాడు నాకంటే చురుకని ముందే చెప్పాను కదా. సెలవు.