డెబియన్ 13వ విడుదల: పాత కంప్యూటరుల గతి



గ్రామ గ్రంథాలయములలోను, పాఠశాలలలోను, సహకార సంఘముల గదులలోను బట్ట కప్పి యుంచిన పాత కంప్యూటరులు మన ప్రాంతమున ననేకము కలవు. వానిలో పెక్కింటికి 2025 అక్టోబరు 14వ తేదీ యొక గండమువలె వచ్చినది. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు కంపెనీవారు సామాన్యముగా నిచ్చుచుండిన రక్షణను ఆ దినముతో ముగించిరి. యంత్రము ఆగిపోలేదు, నిన్న చేసిన పని నేడును చేయును. కాని క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చువారు లేనిచో, దొంగలకు తలుపు తెరచి యుంచినట్లే. దీని తరువాతి విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని అంగీకరింపదు. క్రొత్తది కొనుడని అంగడివారు చెప్పుదురు. కొనగలవారు కొందురు. కొనలేని గ్రంథాలయము మాట యేమి? డెబియన్ అను స్వేచ్ఛా వ్యవస్థయొక్క 13వ విడుదల దీనికొక సమాధానము. అది అన్ని యంత్రములకును చెల్లు సమాధానము కాదని ముందుగనే మనవి చేయుట న్యాయము.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమో ముందు చెప్పవలెను. చెరువు నీటిని ఏ మడికెంత విడువవలెనో, ఏ తూము ఎప్పుడు మూయవలెనో చూచుటకు నీరటివాడున్నాడు. అట్లే యంత్రపు శక్తిని ఏ పనికెంత పంచవలెనో, వ్రాసిన దస్తావేజును ఎచ్చట దాచవలెనో, అచ్చుయంత్రము నెప్పుడు కదల్పవలెనో చూచు ప్రోగ్రాముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టము. ఇతర ప్రోగ్రాములన్నియు దాని చేతిక్రింద పనిచేయును.

డెబియనును 1993 ఆగస్టు 16వ తేదీన ఈయన్ మర్డాక్ అను నతడు ప్రారంభించెను. అంతకు పూర్వమే రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమమును, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ అను కెర్నెలును దీనికి మూలాధారములు. దీని కొక యజమాని లేడు. దేశదేశముల స్వచ్ఛంద సేవకులు కూడి దీనిని నిర్మించుచున్నారు. దీని మూలగ్రంథము అందరి యెదుట నుండును. చదువవచ్చును, దిద్దవచ్చును, నకలు తీసి పొరుగూరివానికి నీయవచ్చును. ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు. తెలుగునాట ఈ భావమును ప్రచారము చేసిన స్వేచ్ఛ యను సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించినది.

డెబియనును యంత్రమున స్థాపించునప్పుడు అడుగు ప్రశ్నలకు తెలుగు భాషను ఎన్నుకొనవచ్చును. దాని భాండారములోని తెలుగు లిపులలో నొకదాని పేరు పోతన, వేరొకదాని పేరు వేమన. బమ్మెర మనకు దూరము కాదు. భాగవతమును రాజుల కంకితము చేయనొల్లడయ్యెనని పెద్దలు చెప్పుకొను ఆ మహాకవి పేరిటి యక్షరములు, ఏ కంపెనీకిని అంకితము కాని వ్యవస్థలో చేరుట నాకు మిక్కిలి యుచితముగా తోచినది.

13వ విడుదల 2025 ఆగస్టు 9వ తేదీన వెలువడినది. దాని ముద్దుపేరు ట్రిక్సీ. 2023 జూన్ 10వ తేదీన వచ్చిన 12వ దాని పేరు బుక్‌వర్మ్, అనగా పుస్తకపు పురుగు. ఇవి యన్నియు ఒక బొమ్మల చలనచిత్రములోని ఆటబొమ్మల పేర్లు. పెద్దలకిది నవ్వు పుట్టించినను, పని మాత్రము ఆటవంటిది కాదు. ఈ విడుదలతో భాండారమున సుమారు 70 వేల పాకేజీలున్నవి. అందు 14 వేలకు పైగా క్రొత్తవి. 8 వేలకు మించిన పాతవానిని తీసివేసిరి. కెర్నెలు 6.12వ తరమునకు మారినది. ఒక్కొక్క విడుదలకు 3 సంవత్సరములు పూర్ణ రక్షణయు, ఆపై 2 సంవత్సరములు పరిమిత రక్షణయు లభించును.

అన్నింటికంటె ముఖ్యమని నేను తలచు మార్పు కాలగణనమునకు సంబంధించినది. ఈ వంశపు వ్యవస్థలు 1970 జనవరి 1వ తేదీ మొదలుకొని గడచిన సెకండ్లను లెక్కించుచు కాలము నెరుగును. పాత పద్ధతిలో ఆ లెక్కకు 32 బిట్ల చోటు మాత్రమే యిచ్చిరి. ఆ చోటున పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 2,147,483,647. 2038 జనవరి 19వ తేదీ ఉదయము మన కాలమానమున 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు ఆ సంఖ్య నిండును. మరుక్షణమున లెక్క తలక్రిందులై, యంత్రము తాను 1901వ సంవత్సరమున నున్నట్లు భ్రమపడవచ్చును. అప్పు గడువు లెక్కించు సహకార సంఘమున కది యెంత చిక్కు! 64 బిట్ల యంత్రములకు ఈ బాధ ఇదివరకే లేదు. చిన్న యంత్రములకు సయితము డెబియన్‌వారు 13వ విడుదలలో ఆ లెక్కకు 64 బిట్ల చోటు కల్పించిరి. ఒక్క జాతిని మాత్రము పాత ప్రోగ్రాములు చెడునను భయముచే మార్పక విడిచిరి. అది మన బట్టక్రింది పాత 32 బిట్ల పీసీల జాతియే.

ఆ జాతికి మరియొక దెబ్బయు తగిలినది. 13వ విడుదలలో వానికి స్థాపన ప్రతి లేదు. వానిని 12 నుండి 13కు తీసికొనిపోవలదని నిర్మాతలే స్పష్టముగా వ్రాసిరి. కావున మొదట ప్రాసెసరు జాతిని పరీక్షింపవలెను. ఇప్పటికే లినక్సున్నచో ఎల్‌ఎస్‌సీపీయూ అను ఆజ్ఞ నిచ్చిన చాలును. 64 అను సంఖ్య కనబడిన యంత్రము పనికివచ్చును. ఒక మెలిక కలదు. ప్రాసెసరు 64 బిట్లదయ్యును, పూర్వమెవరో దానిపై 32 బిట్ల వ్యవస్థను స్థాపించి యుండవచ్చును. అట్టిచో ఉన్నదానిని పెంచబూనక, దస్తావేజులకు నకళ్ళు తీసి, క్రొత్తగా స్థాపించుటే మేలు.

ఇక మార్చు విధానము. మన హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి నెరుగనివారు లేరు. దాని కల్యాణ మంటపమును పురావస్తు శాఖవారు 2006లో విప్పి, పునాది బలపరచి, రాతిమీద రాయి తిరిగి నిలిపి, 2024 మార్చి 8వ తేదీ మహాశివరాత్రినాడు తెరచిరి. విప్పుటకు ముందు రాళ్ళకు గుర్తులు వేసికొననిచో ఏ స్తంభమెచ్చటిదో ఎవరు చెప్పగలరు? కంప్యూటరుకు పదునెనిమిదేండ్లు పట్టదు, ఒక పూట చాలును. గుర్తులు వేయు పని మాత్రము తప్పదు. పహాణీ నకళ్ళు, సంఘపు లెక్కలు, పెండ్లి ఫొటోలు మొదలగునవి వేరొక డిస్కుపై నకలు చేసి, ఆ డిస్కును వేరొక యంత్రమున తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నకలుగా లెక్కింపరాదు.

విండోస్ నుండి వచ్చువారు స్థాపనకే పూనుకొనవలెను. డెబియన్ 12 ఉన్నవారు ముందుగా దానినే తాజా పరచి, ఇతరుల భాండారములేవైన చేర్చియున్నచో తొలగించి, భాండారముల పట్టికలో బుక్‌వర్మ్ అన్నచోట ట్రిక్సీ యని మార్చి, ఆప్ట్ అను పనిముట్టుచే రెండు విడతలుగా పెంచవలెను. 11వ విడుదల యున్నవారు 12ను ముట్టకుండ దూకరాదు. ఈ పని నడుమ కరెంటు పోయినచో వ్యవస్థ సగము పాతది, సగము క్రొత్తది యగును. బ్యాటరీ ఆధారము లేనిదే మొదలు పెట్టవలదు. జ్ఞాపకశక్తి 2 గిగాబైట్లున్న చాలునని స్థాపన పుస్తకము చెప్పునుగాని, నేటి బ్రౌజరుల యాకలికి 4 ఉండుట మేలని నా యభిప్రాయము. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలిక తెరను ఎన్నుకొన్నచో పాత యంత్రము కొంత చురుకుగా నడచును. మీ అచ్చుయంత్రము పనిచేయునో లేదో పెన్‌డ్రైవుపై నుండి నడుచు ప్రతితో ముందు పరీక్షించిన పిమ్మటనే విండోసును చెరుపుడు.

పూర్తిగా 32 బిట్ల యంత్రమే మీ పాలబడినచో, దానికి 12వ విడుదలయే కడపటి మజిలీ. రక్షణ నడచుచున్నంత కాలము వాడుకొని, పిదప ఇంటర్నెట్టు తీగ పీకివేసి, పిల్లలకు పోతన లిపిలో తెలుగు టైపు నేర్పుటకు బడిలో పెట్టుడు. సంఘపు లెక్కలు మాత్రము దానిపై నుంచవలదు.