పైథాన్ మారింది, పంపకం మారకూడదు

(హోసూరులో ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, లెక్కలు రాసేవాణ్ణి. ట్రస్టు జాబితాల కోసం పైథాన్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాను. ఏడాదికి రెండుసార్లు తప్ప వాటి జోలికి పోను. మీలో కామర్స్, బీఎస్సీ చదివేవారు రేపు ఇలాగే వాడతారు గనుక ఈ సంగతి ఎత్తుకున్నాను.

పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పాత ప్రోగ్రాములు చాలావరకు అందులో ఉన్నవి ఉన్నట్టు నడవవని తెలిసే తెచ్చారు. పాత 2.7కు 2015తో ఆపాలనుకున్న మద్దతును 2020 జనవరి 1 దాకా పొడిగించారు. పదకొండేళ్ల గడువన్నమాట. పెళ్లికి కూడా అంత గడువు ఎవరూ ఇవ్వరు! నేను మాత్రం పాత పైథాన్ లేని కొత్త కంప్యూటరు వచ్చాకే కదిలాను.

అందరూ భయపెట్టేది ప్రింట్ గురించి. కొత్తదానిలో దానికి బ్రాకెట్లు తప్పనిసరి. అది కష్టమేమీ కాదు. పెట్టకపోతే ఏ వరుసలో తప్పుందో యంత్రమే చెప్పి ఆగిపోతుంది. నోరెత్తని మార్పుతోనే జాగ్రత్త.

భాగహారం చూడండి. 50,000 రూపాయలు ఏడుగురికి పంచాలి. పాత పైథాన్‌లో పూర్ణసంఖ్యల మధ్య ఒక గీత (/) పెడితే 7,142 వచ్చేది. మిగిలిన ఆరు రూపాయలు నిధిలో ఉండేవి. మా పంపకమంతా ఆ లెక్క మీదే. కొత్తదానిలో అదే గీతకు 7142.857 అంటూ దశాంశాలు వస్తాయి, హెచ్చరిక మాత్రం రాదు. పూర్ణసంఖ్యే కావాలంటే రెండు గీతలు (//) పెట్టాలి. మార్కుల సగటుకేమో ఒక గీతే సరైనది. అర మార్కుతో ఒక పిల్లవాడి పేరు జాబితాలో పైకో కిందికో పోతుంది కదా. అందుకే కిందటేడు అచ్చువేసిన జాబితాను పక్కన పెట్టుకుని, అవే మార్కులు, అవే మొత్తాలు కొత్తదానిలో వేసి, వరుసవరుసా పోల్చాకే చెక్కులు రాశాం. ‘2 టు 3’ అనే పనిముట్టు ప్రింట్ వంటివి తానే మార్చేది గానీ ఈ గీతను ముట్టుకునేది కాదు. 2024లో వచ్చిన 3.13 నుంచి దాన్నీ తీసేశారు.

మరి లాభమేమిటంటారా? మన భాష. యూటీఎఫ్-8లో దాచిన ‘తెలుగు’ అనే మాట పొడవెంత అంటే పాతది 18 అనేది. అవి బైట్లు, గుర్తుకు మూడేసి. కొత్తది 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మన కంటికి మూడే అక్షరాలనుకోండి. పేరును గడికి సరిపడా కత్తిరిస్తే పాతదానిలో చివర పిచ్చిగుర్తులు పడేవి. ఇప్పుడు పడవు గానీ, గుణింతం ఊడవచ్చు, చూసుకోవాలి. విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే రాయండి.

ల్యాప్‌టాప్ తెచ్చాను. పాత ప్రోగ్రాములున్నవారు భోజనాలయ్యాక రండి, పాత జాబితా కాగితం కూడా తెచ్చుకోండి.