వెతకడం వచ్చు, తేల్చుకోవడం నేర్పుదాం
(విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా తారలు ఉన్నారని తెలిసి కూడా ఈ గదికి వచ్చి కూర్చున్నారంటే, చదువు మీద మీ శ్రద్ధకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నాకిచ్చిన అంశం "విద్యార్థులకు ఇంటర్నెట్ పరిశోధన నేర్పడంలో సోషల్ మీడియా సాధనాలు". పేరు కాస్త బరువుగా ఉన్నా, విషయం మన ఇళ్లలో రోజూ జరిగేదే. మన పిల్లలు చిన్నప్పటి నుంచీ తెరల మధ్య పెరిగారు కాబట్టి ఇంటర్నెట్ గురించి మనం వాళ్లకు చెప్పేదేముందని అనుకుంటాం. వాళ్లకు వెతకడం వచ్చు, నిజమే. కానీ ఇల్లలకగానే పండగ కాదు. దొరికినదాంట్లో ఏది నిజమో తేల్చుకోవడం వేరే విద్య. అది ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చరిత్రలో డాక్టరేట్ ఉన్నవారు 10 మంది, వార్తల నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవారు 10 మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. అందరికీ కొన్ని వెబ్‌సైట్లు చూపించి, వీటిలో నమ్మదగినవి ఏవో చెప్పమన్నారు. విద్యార్థులూ, చాలామంది చరిత్రకారులూ ఆ పేజీలోనే కూర్చుని పైనుంచి కిందికి చదివి, అందమైన లోగో చూసి, పెద్ద పేరు చూసి మోసపోయారు. వార్తలు తేల్చేవాళ్లు మాత్రం పేజీని సరిగ్గా చదవనైనా చదవకుండా పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, "ఈ సంస్థ ఎవరిది? దీని గురించి బయటివాళ్లు ఏమంటున్నారు?" అని చూశారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. పెళ్లి సంబంధం వస్తే పెళ్లికొడుకు వాళ్లిచ్చిన బయోడేటా ఒక్కటే చదివి ముహూర్తం పెట్టుకుంటామా? వాళ్ల ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాం, ఆఫీసులో ఆరా తీస్తాం. ఆ తెలివినే వెబ్ పేజీ మీద వాడమని పిల్లలకు చెప్పాలి.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. లార్డ్ మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడాడట. భారతదేశమంతా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడు గానీ ఒక్క దొంగ గానీ కనబడలేదనీ, ఈ దేశాన్ని లొంగదీయాలంటే దాని సంస్కృతిని విరవాలనీ అన్నాడట. ఈ మాటలు మొదట ఈమెయిళ్లలో తిరిగాయి, తర్వాత ఫేస్‌బుక్‌లో, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఈ గదిలో ఇది అందనివాళ్లు చాలా తక్కువమంది ఉంటారు.

దీన్ని పదో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి. మొదటి మెట్టు, ఇందులో తేల్చుకోగల సంగతులు ఏమిటి? తేదీ ఉంది, చోటు ఉంది, మనిషి ఉన్నాడు. రెండో మెట్టు, ఆ రోజు ఆ మనిషి ఎక్కడున్నాడు? మెకాలే 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగాడు, 1838 దాకా భారతదేశంలోనే ఉన్నాడు. నెలలు పట్టే ఓడ ప్రయాణాల కాలంలో కలకత్తాలో ఉన్నవాడు లండన్‌లో ఉపన్యాసం ఎలా ఇస్తాడు? మూడో మెట్టు, ఆ రోజు సభ జరిగిందా? బ్రిటిష్ పార్లమెంటు పాత చర్చల రికార్డు, అంటే హాన్సార్డ్, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాత పార్లమెంటు 1834 డిసెంబరులో రద్దయింది. ఎన్నికల తర్వాత కొత్త పార్లమెంటు కొలువుదీరింది 1835 ఫిబ్రవరి 19న. అంటే ఆ రోజున ఉపన్యాసం ఇవ్వడానికి మెకాలే అక్కడ లేడు, వినడానికి సభా లేదు.

నాలుగో మెట్టు అన్నిటికంటే ముఖ్యం. మరి ఆ తేదీ ఎక్కణ్ణుంచి వచ్చింది? సరిగ్గా అదే తేదీన కలకత్తాలో మెకాలే విద్య గురించి ఒక నివేదిక రాశాడు. దాని పూర్తి పాఠం కొలంబియా విశ్వవిద్యాలయం వారి సైటులో చదువుకోవచ్చు. సంస్కృతం, అరబిక్ సాహిత్యాలను యూరప్ పుస్తకాల ముందు ఎంత తీసిపారేశాడో, రక్తంలో భారతీయులూ అభిరుచిలో ఇంగ్లీషువాళ్లూ అయిన ఒక తరగతిని తయారుచేయాలని ఎలా రాశాడో అందులోనే ఉంది. మెకాలేను విమర్శించదలచుకున్నవారికి ఈ అసలు కాగితమే చాలు, కట్టుకథ అక్కర్లేదు. మన పిల్లవాడు ఆ కల్పిత ఉపన్యాసాన్ని కాలేజీ వ్యాసంలో పెడితే, ప్రొఫెసరు ఐదు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు. దాంతో పాటు ఆ పిల్లవాడు చెప్పిన మిగతా నిజాలు కూడా కొట్టుకుపోతాయి. నష్టం అక్కడుంది.

ఇక సాధనాల మాట. మొదటిది వికీపీడియా. చాలా బడుల్లో దాన్ని ముట్టుకోవద్దంటారు. నేను ముట్టుకోమంటాను, అయితే కింది నుంచి చదవమంటాను. పేజీ అడుగున ఆధారాలుంటాయి, ముందు అక్కడికి వెళ్లాలి. "చరిత్ర" నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తుంది. "చర్చ" నొక్కితే పెద్దవాళ్లు ఏ వాక్యం మీద వాదించుకున్నారో తెలుస్తుంది. ఒక సంగతి ఎలా నిగ్గు తేలుతుందో ఇంత బాహాటంగా చూపించే చోటు మరొకటి అరుదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మన ఊళ్లకు అందులో పేజీలున్నాయి. వేసవి సెలవుల్లో పిల్లల చేత తాతయ్యగారి ఊరి పేజీ తెరిపించండి. 2011 జనాభా లెక్కలతో అంకెలు సరిచూడమనండి. ఇండియా వెళ్లినప్పుడు చెరువు, గుడి, బడి ఫోటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టమనండి. ఇక్కడొక చిక్కు వస్తుంది. "చెరువు తవ్వించింది మా ముత్తాత" అని తాతయ్య చెప్పిన మాటను వికీపీడియా ఒప్పుకోదు, అచ్చయిన ఆధారం అడుగుతుంది. తాతయ్య అబద్ధమాడారని కాదు. జ్ఞాపకం వేరు, ఆధారం వేరు. ఆ జ్ఞాపకాన్ని ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి, ఆధారం కోసం వెతకండి. రెండూ కావలసినవే అని పిల్లవాడికి తెలిసిన రోజున సగం పరిశోధన వచ్చినట్లే.

రెండోది ఉమ్మడి బుక్‌మార్కులు. 2003లో వచ్చిన డెలీషియస్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. అది మూతపడినా పద్ధతి మిగిలింది. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జొటెరో ఉచితం. నలుగురు పిల్లలు ఒక గుంపుగా చేరి, దొరికిన ఆధారాలన్నీ అందులో పెట్టుకోవచ్చు. నియమం ఒక్కటే. ఏ లింకు పెట్టినా రాసింది ఎవరు, ఎందుకు నమ్మాలి అని రెండు వాక్యాలు రాయాలి. రెండు వాక్యాలు రాయలేని లింకు పెట్టకూడదు.

మూడోది ఫోటోలూ, పాత పేజీలూ. ఫోటోను గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ వెతికితే అది అంతకుముందు ఎక్కడెక్కడ కనబడిందో తెలుస్తుంది. నిన్నటి వరద అని వచ్చిన బొమ్మ పదేళ్ల నాటిదని తేలవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో, మాయమైన పేజీల పాత ప్రతులు చాలావరకు దొరుకుతాయి.

నాలుగోది మన ఇంటి వాట్సాప్ గ్రూపు. ఇంతకంటే మంచి ప్రయోగశాల లేదు. సందేశం మీద జంట బాణాల గుర్తు కనబడితే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అక్కడ ఆగాలి. అయితే పిల్లలకు ఒక మర్యాద కూడా నేర్పాలి. పదిమందిలో "తాతయ్యా, ఇది ఫేక్" అనకూడదు. పక్కన కూర్చుని, "తాతయ్యా, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరం కలిసి చూద్దామా?" అనాలి. తాతయ్యలకు కూడా నా మనవి. మనవడు అలా అడిగితే చిన్నబుచ్చుకోకండి. "రా నాన్నా, చూద్దాం" అనండి. వాడు అడిగేది నిజాన్ని, మీ పెద్దరికాన్ని కాదు.

చిన్న హెచ్చరిక. ఇక్కడి చట్టం, కంపెనీల నిబంధనల మూలంగా చాలా సోషల్ మీడియా ఖాతాలకు 13 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు మీ ఖాతాలో, మీ పక్కన కూర్చుని చేయాలి. పిల్లల అసలు పేరు, బడి పేరు ఎక్కడా పెట్టనివ్వకండి.

ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, ఇవన్నీ ఎందుకు అంటారేమో. 2023లో న్యూయార్క్‌లో కొందరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూసుకోకుండా కోర్టులో దాఖలు చేశారు. ఆ తీర్పులు అసలు లేనేలేవు. జడ్జిగారు 5,000 డాలర్లు జరిమానా వేశారు. లాయర్లకే తప్పలేదంటే విద్యార్థుల సంగతి చెప్పాలా? యంత్రం జవాబు చెబితే, దాన్ని కూడా కొత్త ట్యాబ్ తెరిచి చూడాల్సిందే. ఎవరు చెప్పినా వినాలి గానీ, తొందరపడకుండా నిజమేదో తేల్చుకోవాలని మన సుమతీ శతకం ఏనాడో చెప్పింది.

చివరగా పిల్లలకు ఒక హోంవర్కు. తెలుగును "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని 15వ శతాబ్దంలో నికోలో కాంటి అన్నాడని ఈ సభలు ముగిసేలోగా కనీసం నాలుగుసార్లు వింటారు. కాంటి చెప్పిన కథను పోజ్జో అనే పండితుడు లాటిన్‌లో రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని హక్‌లూట్ సొసైటీ 1857లో అచ్చు వేసింది. ఆ పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. తెరవండి, ఆ మాట ఉందో లేదో మీరే వెతకండి. జవాబు నేను చెప్పను. ఏ జవాబు దొరికినా మన తెలుగు తీపి తగ్గదు.